ఒక కోడి, నాలుగు ఫారాలు

నేలకొండపల్లి కంచెర్ల గోపన్న ఇవాళ వీసాకు అర్జీ పెట్టుకుంటే ఏమవుతుంది? భద్రాద్రి రాముడి భక్తులు మన్నించాలి, ఆయన్ని తక్కువ చేయడానికి అడుగుతున్న ప్రశ్న కాదిది. సర్కారు సొమ్ము, ఖైదు, విడుదల అన్నీ ఒక్క మనిషి బతుకులో కనబడే కథ మా ఖమ్మం వైపు అందరికీ తెలిసింది అదొక్కటే. పాల్వంచ పరగణా తహశీల్దారుగా ఉంటూ పన్నుల సొమ్ముతో భద్రాచలంలో గుడి కట్టించాడు. గోల్కొండ ఖైదులో పన్నెండేళ్లు మగ్గాడు. రామలక్ష్మణులే వచ్చి అక్కడి సుల్తాను తానీషాకు బాకీ చెల్లించి రసీదు పుచ్చుకున్నారని మన నమ్మకం.

మన పాస్‌పోర్టు ఫారం ఆయన్ని అడిగేది, గత ఐదేళ్లలో రెండేళ్లకు తగ్గని శిక్ష పడిందా అని. శిక్ష పడింది పన్నెండేళ్ల కిందట. కాబట్టి ఖైదు నుంచి బయటికొచ్చిన మర్నాడే గోపన్న నిశ్చింతగా ‘లేదు’ అని రాయొచ్చు. బ్రిటన్ నిబంధనల్లో 12 నెలలు, ఆపైన జైలు శిక్ష పడినవాళ్లను తిరస్కరించాల్సిందే అని ఉంది, ఎన్నేళ్లయినా సరే. కెనడా అయితే శిక్ష ముగిసి ఐదేళ్లు గడిచాక, మారిన మనిషినని నిరూపించుకుంటూ వేరే అర్జీ పెట్టుకోమంటుంది. అమెరికా ఫారం మరీ గడుసుది. క్షమాభిక్ష దొరికినా సరే చెప్పాలి అని ప్రశ్నలోనే రాసి పెట్టుకుంది. రాముడి చేతి రసీదు కూడా అక్కడ చెల్లదు.

ఈ సరదా నాకు ఊరికే పుట్టలేదు. సత్తుపల్లి వైపు మా బంధువుల పిల్లాడు ఒకడు, ఇంజినీరింగ్ చదివే రోజుల్లో, సంక్రాంతి ముందు ముగ్గురు స్నేహితులతో కలిసి ఒక పందెం కోడిని ఎత్తుకొచ్చాడు. కోడి ఆసామి కేసు పెట్టాడు. ఏడాదిన్నర వాయిదాలు తిరిగాక నేరం ఒప్పుకొని, ఐదు వందలు జరిమానా కట్టి బయటపడ్డాడు. ఊళ్లో అది నవ్వుకునే కథ అయిపోయింది. నిరుడు వాడికి అమెరికాలో సీటొచ్చింది. వీసా కోసం డీఎస్-160 ఫారం నింపుతూ ఒక ప్రశ్న దగ్గర ఆగిపోయి నాకు ఫోన్ చేశాడు. “బాబాయ్, ఇక్కడ కోడి సంగతి రాయాలా?”

ఆ రాత్రి నాలుగు దేశాల ప్రశ్నలనూ నాలుగు రచనల్లాగా పక్కపక్కన పెట్టుకుని చదివాను. ఒకే వస్తువు మీద నలుగురు కవులు రాస్తే ఎవరి చూపు ఎటుందో పోల్చి చూస్తాం కదా, అలాగన్నమాట. వస్తువు కోడి.

మన పాస్‌పోర్టు ఫారంలోని ప్రశ్నలకు మూలం 1967 పాస్‌పోర్టుల చట్టం, ఆరో సెక్షను. చదివితే పాతకాలపు గుమాస్తా గొంతు వినిపిస్తుంది. అతనికి మనిషి గతం మీద పెద్ద ఆసక్తి లేదు. కోర్టు దస్త్రంలో ఫైలు మూసేశారా, తెరిచే ఉందా అన్నదే కావాలి. తేలిపోయిన చిన్న కేసును పట్టించుకోడు. తేలని చిన్న కేసు కనబడిందా, పెన్ను కింద పెట్టేస్తాడు. ఎఫ్‌ఐఆర్ ఒక్కటే ఉంటే కేసు నడుస్తున్నట్టు కాదని, కోర్టు దాన్ని విచారణకు తీసుకున్నాకే లెక్క అని 2019 అక్టోబరులో విదేశాంగ శాఖ స్పష్టం చేసింది. కేసు నడుస్తున్నవాడు ఆ కోర్టు అనుమతి తెచ్చుకుంటే, 1993 ఆగస్టు నోటిఫికేషన్ ప్రకారం, కోర్టు గడువు చెప్పనప్పుడు ఏడాదికి పాస్‌పోర్టు ఇస్తారు. అంటే తలుపు పూర్తిగా మూయలేదు. అయితే ఆ దారి తెలిసినవాళ్లు తక్కువ. తెలిసినా వకీలుకు మళ్లీ ఫీజు, మళ్లీ వాయిదా.

అమెరికా ప్రశ్న తీరే వేరు. ఎప్పుడైనా, ఎక్కడైనా, ఏ నేరానికైనా అరెస్టయ్యారా, లేక శిక్ష పడిందా? గుమాస్తా గొంతు కాదిది, కన్ఫెషన్ గదిలో తెర అవతల కూర్చున్న పాదిరి గొంతు. ఐదేళ్లు, రెండేళ్లు లాంటి కొలతలేవీ లేవు. అరెస్టు, శిక్ష అనే రెండు మాటలనూ ఒకే వాక్యంలో కట్టేశారు. మన కోర్టులో నిర్దోషిగా బయటపడ్డవాడు కూడా అరెస్టయి ఉంటే ‘అవును’ అనే రాయాలి. ‘అవును’ అన్నంత మాత్రాన వీసా పోదు, ఆ మాటా చెప్పాలి. అది విచారణకు మొదలు మాత్రమే. ప్రశ్న ఇంత వెడల్పుగా, అసలు అనర్హత అంతకన్నా ఇరుగ్గా ఉండటం ఆ రచనలోని విచిత్రం. చదివినవాడు భయపడేది ప్రశ్నను చూసి. కొంపముంచేది ఆ భయంతో రాసే అబద్ధం.

ఈ రెండు ఫారాలనూ పక్కపక్కన పెడితేనే మన వాళ్లు ఎక్కడ పడుతున్నారో అర్థమవుతుంది. మన ఫారం తేలని కేసును చూసి ఉలిక్కిపడుతుంది, కాబట్టి కేసును ఎలాగో ఒకలా తేల్చుకోమని మనిషిని తోస్తుంది. త్వరగా తేల్చుకునే మార్గం నేరం ఒప్పుకోవడం. పరాయి దేశపు ఫారం సరిగ్గా ఆ ఒప్పుకోలునే పట్టుకుంటుంది. ఇంట్లో తలుపు తీయించిన తాళంచెవి బయటి గేటుకు గడియ వేస్తుంది. ఈ సంగతి కోర్టు మెట్ల మీద ఎవరూ చెప్పరు.

ఆ మెట్ల మీద ఏం జరుగుతుందో అడవి అంచున ఉన్నవాళ్లకు బాగా తెలుసు. చర్ల, దుమ్ముగూడెం లోపలి గూడేల నుంచి మనిషి భద్రాచలం కోర్టుకు రావాలంటే కూలి పోతుంది, బస్సు చార్జీ పోతుంది. పోడు కొట్టాడని, సారా కాచాడని, పేకాడాడని, తాగి బండి నడిపాడని, పొలం గట్టు దగ్గర కొట్టుకున్నాడని కేసు. పిలిచేది పొద్దున పదిన్నరకు, కేసు అందేది మధ్యాహ్నం మూడింటికి, అంది వాయిదా పడటానికి. నాలుగు వాయిదాలయ్యాక ఎవరో ఒకరు చెవిలో వేస్తారు. “ఒప్పుకోరాదయ్యా, ఫైను కట్టి పోదువు. ఎన్నాళ్లు తిరుగుతవ్?” చెప్పినవాడిది చెడ్డ మనసేం కాదు. ఆ మనిషికి ఆ రోజుకు అదే న్యాయం. నేరం చేశాడా లేదా అన్నది అప్పటికి ఎవరికీ పట్టదు. ఐదు వందలతో తిరుగుడు తప్పుతుందా లేదా అన్నదే లెక్క.

లోక్ అదాలత్ రోజున రెండు రకాల కాగితాలు ఒకే బల్ల మీద కదులుతాయి. ఒకటి రాజీ, రెండోది ఒప్పుకోలు. ఇంటికెళ్లి ఇద్దరూ చెప్పేది ఒకటే మాట, “తేలిపోయింది” అని. చట్టంలో ఆ రెండింటికీ నింగికీ నేలకూ ఉన్నంత దూరం. రాజీకి వీలున్న నేరంలో ఫిర్యాదుదారు రాజీపడితే ముద్దాయి నిర్దోషిగా విడుదలైనట్టే లెక్క. ఒప్పుకొని జరిమానా కడితే, అది పది రూపాయలైనా, నేరం రుజువై శిక్ష పడినట్టు. దొంగతనం కూడా సొత్తు ఆసామితో రాజీకి వీలున్న నేరమే. మా పిల్లాడి కేసులో కోడి ఆసామి దగ్గరికి వెళ్లి, కోడి ఖరీదు చేతిలో పెట్టి, కాళ్లు పట్టుకున్నా సరిపోయేది. ఊరి పెద్దలు ఆ సలహా ఇచ్చారు కూడా. వీడి తండ్రికి నామోషీ అనిపించిందట.

ఇక ఆ కోడిని నాలుగు దేశాలూ ఎలా చదువుతాయో చూడండి.

భారతదేశం చదవదు. జరిమానాతో పోయిన కేసు పాస్‌పోర్టు ఫారంలోని ప్రశ్నకు అందదు.

బ్రిటన్ శిక్షను మాత్రమే చదువుతుంది. జైలు లేకుండా జరిమానాతో పోతే, సందర్శకుడి వీసాకు తీర్పు తేదీ నుంచి 12 నెలలు అడ్డు. ఆ తర్వాత ఆ అడ్డు తప్పనిసరి కాదు, అధికారి విచక్షణ. కథలో ఏం జరిగిందన్నది వాళ్లకు అంత ముఖ్యం కాదు, చివరి పేజీలో ఏం రాశారన్నది ముఖ్యం. నాకు ఈ నలుగురిలో కాస్త మర్యాద తెలిసిన పాఠకుడు ఇతనే అనిపించింది. గతం ఎప్పుడు గతమవుతుందో తేదీతో సహా చెబుతాడు. వదిలేసినా, ఆపేసినా, ఎక్కడ నిలబడ్డామో తెలుస్తుంది.

కెనడా అనువాదకుడు. మీ దేశంలో దాన్ని ఏమన్నారో, ఎంత శిక్ష వేశారో పక్కన పెట్టి, అదే పని కెనడాలో చేసి ఉంటే అక్కడి చట్టంలో ఏమవుతుందో చూస్తుంది. ఐదు వేల డాలర్ల లోపు దొంగతనం అక్కడ చిన్నగానూ పెద్దగానూ రెండు రకాలుగా విచారించదగ్గ నేరం. అలాంటి వాటిని వలస చట్టం పెద్దదిగానే లెక్క వేసుకుంటుంది. కాబట్టి మన కోడి అక్కడికెళ్లి బలిసిపోతుంది. శిక్ష ముగిశాక ఐదేళ్లకు అర్జీ పెట్టుకోవచ్చు, అలాంటి నేరం ఒక్కటే అయితే పదేళ్లకు మారినట్టు వాళ్లే భావిస్తారు.

అనువాదంలో అర్థం ఎంత మారిపోతుందో తెలియాలంటే కోడి కన్నా తాగి నడపడం మంచి ఉదాహరణ. ఖమ్మం వైరా రోడ్డులో శనివారం రాత్రి బ్రీత్ ఎనలైజర్‌కు దొరికినవాడికి మోటారు వాహనాల చట్టం 185 కింద మొదటిసారి ఆరు నెలల దాకా జైలు, లేదా 10,000 జరిమానా, లేదా రెండూ. ఎక్కువమంది కౌన్సెలింగ్‌కు భార్యను, తండ్రిని వెంటబెట్టుకు వెళ్లి, జరిమానా కట్టి వస్తారు. కెనడాలో 2018 డిసెంబరు 18 నుంచి అదే పనికి గరిష్ఠ శిక్ష పదేళ్లు. పదేళ్లు అంటే వాళ్ల వలస చట్టంలో తీవ్ర నేరం, కాలం గడిస్తే దానంతట అది మాసిపోదు. మన దగ్గర దాన్ని పెట్టీ కేసు అంటారు. ఈ అనువాదం తప్పని నేననను. తాగి నడిపేవాడు మన రోడ్డు మీద చంపినా వాళ్ల రోడ్డు మీద చంపినా చావు ఒకటే. మనమే దాన్ని తక్కువగా రాసుకున్నామేమో. కోడి విషయంలో కెనడాది అతి, తాగుడు విషయంలో మనది అలసత్వం అని నా తీర్పు.

అమెరికా మూలగ్రంథాన్నే తిరగేస్తుంది. అయితే కథను వదిలేసి, ధర చూడటానికి అట్ట వెనక్కి తిప్పుతుంది. దొంగతనం ‘నైతిక పతనం’ ఉన్న నేరం, అనర్హత. ఆ మాట మన పాస్‌పోర్టుల చట్టంలోనూ ఉంది. అంటే ఏమిటో నిర్వచనం మాత్రం రెండు చట్టాల్లోనూ లేదు. దీనికి అమెరికా చట్టంలో చిన్న నేరాల మినహాయింపు ఒకటుంది. అలాంటి నేరం జీవితంలో ఒక్కటే అయి ఉండాలి, పడిన శిక్ష ఆరు నెలలు దాటకూడదు, ఆ నేరానికి చట్టపుస్తకంలో రాసిన గరిష్ఠ శిక్ష ఏడాది మించకూడదు. మా పిల్లాడు మొదటి రెండూ దాటాడు. మూడోది దాటలేదు. ఐపీసీ 379లో దొంగతనానికి గరిష్ఠం మూడేళ్లు, కోడికైనా కారుకైనా. మేజిస్ట్రేటు కనికరించి ఐదు వందలతో వదిలేసినా, 1860లో ఎవరో రాసిపెట్టిన మూడేళ్లే అక్కడ లెక్క.

ఐపీసీ స్థానంలో 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఒక చిన్న కిటికీ తెరిచారు. ఐదు వేల లోపు సొత్తు, మొదటిసారి దొంగతనం, సొత్తో దాని విలువో తిరిగిచ్చేస్తే శిక్ష సమాజసేవ. ఆ కిటికీని పట్టుకుని ఇకముందు మినహాయింపు అడగడానికి వాదన దొరుకుతుంది. మా వాడి కోడికి అది పనికిరాదు. కేసు పాతది. పైగా అది పందెం కోడి. దాని ఖరీదు ఐదు వేల లోపు అంటే ఆ ఆసామి మళ్లీ కేసు పెడతాడు.

కోడిని వదిలి గంజాయి దగ్గరికి వస్తే నవ్వు ఆగిపోతుంది. ఆంధ్రా ఒడిశా సరిహద్దు కొండల నుంచి హైదరాబాదు వైపు వెళ్లే సరుకుకు భద్రాచలం వంతెన పెద్ద దారి. చెక్‌పోస్టుల్లో బస్సులు ఆపి సంచులు వెతకడం ఇక్కడ రోజూ చూసేదే. మన చట్టంలో కిలో దాకా గంజాయి ‘చిన్న పరిమాణం’, ఏడాది దాకా జైలు, లేదా పది వేల దాకా జరిమానా, లేదా రెండూ. స్నేహితుడి సంచి మోసిన విద్యార్థికి ఇక్కడ తప్పించుకునే సందులు కొన్నున్నాయి. అమెరికా వలస చట్టంలో మత్తుపదార్థాల నేరానికి చిన్న నేరాల మినహాయింపు వర్తించదు, కాలం గడిచినా మాయదు. మత్తు సరుకు అమ్మి సంపాదించినవాడి భార్యాబిడ్డలు తెలిసి ఆ సొమ్ము అనుభవించారా అని కూడా అమెరికా ఫారం అడుగుతుంది. ఇలాంటి కొన్ని తీవ్ర నేరాలు తప్పిస్తే, మామూలు కేసుల్లో తండ్రి కేసు కొడుకు వీసాకు అంటదు. ఊళ్లలో అనవసరంగా భయపడేవాళ్లున్నారు కాబట్టి ఈ మాట గట్టిగా చెబుతున్నాను.

ఇలాంటి చిన్న శిక్షతో ఇరుక్కున్నవాళ్లలో ప్రపంచానికంతా తెలిసినవాడు జాన్ లెనన్. 1968లో లండన్ కోర్టులో గంజాయి రకం సరుకు దగ్గర పెట్టుకున్నానని ఒప్పుకొని 150 పౌండ్లు జరిమానా కట్టాడు. మన వాళ్ల మాదిరిగానే, తేలిపోతుందని. 1972 నుంచి అమెరికా ఆయన్ని పంపించేయాలని చూసింది. 1975 అక్టోబరులో అక్కడి అప్పీలు కోర్టు ఆయన పక్షాన తీర్పిచ్చింది. అప్పటి బ్రిటిష్ చట్టంలో, సరుకు ఉందని తెలియకపోయినా శిక్ష పడుతుంది, అలాంటి శిక్షను మేం లెక్కలోకి తీసుకోం అని ఆ తీర్పు సారం. మన మత్తుపదార్థాల చట్టం కూడా సరుకు దొరికితే తెలిసే ఉంచుకున్నాడని ముందే అనుకుంటుంది, కాదని నిరూపించుకునే భారం ముద్దాయిది. లెనన్ వెనక పేరున్న వకీలు, డబ్బు, అభిమానులు ఉన్నారు. ఆ తర్వాత అమెరికా చట్టపు మాటలు ఇంకా బిగిశాయి.

పోడు కేసుల సంగతి వేరు. అడవిలో దున్నుకోవడంలో నైతిక పతనం ఏముందని వాదించడం కష్టం కాదు. 2023 జూన్ 30న తెలంగాణ ప్రభుత్వం లక్షన్నర మందికి పైగా నాలుగు లక్షల ఎకరాలకు పోడు పట్టాల పంపిణీ మొదలుపెట్టి, కేసులు ఎత్తేస్తామంది. ప్రభుత్వమే హక్కు అని పట్టా ఇచ్చిన పనిని నేరం అని ఫారంలో రాయాల్సి రావడం ఎంత వింత! నిన్నటి ముద్దాయి కూతురు గురుకులంలో చదివి నర్సింగుకు విదేశం వెళ్లే రోజులివి. ఆమెకు ఆ కేసు అడ్డం కాదు. ఆమెను చూడటానికి ముద్దాయి అయిన ఆ తల్లి వెళ్లాలనుకున్న రోజున ఆ ప్రశ్న వస్తుంది.

అప్పుడు కాగితం ఎక్కడ వెతకాలి? అడవి సరిహద్దులో ఇదొక ప్రత్యేకమైన తిప్పలు. భద్రాచలం 1959 దాకా తూర్పు గోదావరిలో, ఆ తర్వాత ఖమ్మంలో, 2016 నుంచి భద్రాద్రి కొత్తగూడెంలో. చింతూరు, కూనవరం, వీఆర్ పురం 2014లో ఆంధ్రప్రదేశ్‌లోకి పోయి, 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లాలో కలిశాయి. 2010లో చింతూరు స్టేషనులో నమోదైన కేసు భద్రాచలం కోర్టులో తేలి ఉంటే, పోలీసు రికార్డు ఒక రాష్ట్రంలో, తీర్పు ఇంకో రాష్ట్రంలో. చిన్న కేసుల కట్టలను కోర్టులు కొన్నేళ్లకు తీసేస్తాయి. కాన్సులేటు అడిగేది తీర్పు ధ్రువీకృత నకలు.

తప్పు అక్కడికెళ్లి చేసేవాళ్లూ ఉన్నారు. 2024 మార్చిలో న్యూజెర్సీలోని హోబోకెన్‌లో ఒక సూపర్ మార్కెట్లో బిల్లు కట్టకుండా సరుకులు తీసుకున్నారని ఇద్దరు తెలుగు విద్యార్థినులను అరెస్టు చేశారు, ఆ వార్త మన పత్రికల్లోనూ వచ్చింది. 2025 జులైలో ఢిల్లీలోని అమెరికా రాయబార కార్యాలయం దొంగతనం చేస్తే వీసా రద్దు కావచ్చని బహిరంగంగానే హెచ్చరించింది. అక్కడి కోర్టులోనూ ఒప్పుకో, తరగతులకు వెళ్లు, రికార్డు చెరిపేస్తాం అనే సలహా దొరుకుతుంది. కానీ 1996 నుంచి వలస చట్టం దృష్టిలో ఒప్పుకోలు, దాని మీద ఏదో ఒక ఆంక్ష ఉంటే చాలు, చెరిపేసినా శిక్ష పడ్డట్టే. అందుకే 2010లో అమెరికా సుప్రీంకోర్టు, పాడిల్లా కేసులో, విదేశీయుడికి నేరం ఒప్పుకోమని చెప్పే ముందు దేశం నుంచి పంపేసే ప్రమాదం గురించి చెప్పడం వకీలు బాధ్యత అంది. మన మెట్ల మీద “ఒప్పుకోరాదయ్యా” అనే మనిషికి అలాంటి బాధ్యత ఎవరూ పెట్టలేదు. పెట్టాలని నా వాదన. కనీసం లోక్ అదాలత్ బల్ల మీద, సంతకానికి ముందు, ఇది రాజీయా ఒప్పుకోలా అని తెలుగులో చదివి వినిపించాలి.

కన్సల్టెన్సీల సలహా ఒకటుంది. “లేదు అని కొట్టు, ఇక్కడి కోర్టు సంగతి వాళ్లకెట్లా తెలుస్తది?” మా వాడికీ అదే చెప్పారు. తెలిసిన రోజున కోడి పక్కకు పోయి అబద్ధం ముందుకొస్తుంది. అమెరికాలో అబద్ధానికి జీవితకాలం అనర్హత, బ్రిటన్‌లో పదేళ్ల దాకా. కోడికి మినహాయింపు అడిగే దారి ఉంది. వలస కాని వీసాల్లో అనర్హుడికి కూడా ప్రత్యేక అనుమతి సిఫారసు చేసే అధికారం కాన్సులేటుకు ఉంది. అది దొరకొచ్చు, దొరక్కపోవచ్చు. అడగాలంటే ముందు నిజం రాయాలి.

మా వాడు ‘అవును’ అని రాశాడు. తీర్పు నకలు కోసం అర్జీ పెట్టి ఆరు వారాలైంది. కట్ట ఇంకా దొరకలేదు, సోమవారం మళ్లీ రమ్మన్నారు.